మొక్కజొన్న చేల మధ్య ఇల్లు కొనాలంటే

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం బ్లూమింగ్టన్‌లో ఉద్యోగానికి కొత్తగా దిగినవాళ్ళు ఏడాది తిరక్కుండా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, పక్కూరు లీరాయ్‌లో ఇల్లు చూశాం. డౌన్ పేమెంట్ లేకుండా గవర్నమెంటు లోను ఇస్తుందంట కదా?"

డౌన్ పేమెంట్, అంటే ముందుగా మన చేతి నుంచి కట్టే వాటా, అక్కర్లేదన్నది నిజమే తమ్ముడూ. లోను ఇచ్చేది మాత్రం గవర్నమెంటు కాదు. డబ్బు మామూలు బ్యాంకుదే, యూఎస్‌డీఏ, అంటే వ్యవసాయ శాఖ, అప్పులో 90 శాతం దాకా పూచీ పడుతుంది. ఆ పూచీ బ్యాంకుకి, మనకి కాదు. వాయిదాలు ఆగితే ఇల్లూ పోతుంది, క్రెడిట్టూ పోతుంది. తక్కువ ఆదాయం వాళ్ళకి ఆ శాఖే నేరుగా ఇచ్చే లోను ఇంకోటి ఉంది కానీ, మనవాళ్ళ జీతాలకి అది అందదు.

ముందు కాయితాల సంగతి. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఈ లోను రాదు. పౌరులకి, గ్రీన్‌కార్డు వాళ్ళకి, శరణార్థుల్లాంటి కొన్ని వర్గాలకే. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు అప్రూవ్ అయిందన్నా వినరు. ఇళ్ళ లోన్లకి ఇలాగే పూచీ పడే ఇంకో ప్రభుత్వ సంస్థ ఎఫ్‌హెచ్‌ఏ తలుపు కూడా 2025 మే 25 నుంచి హెచ్-1బి వాళ్ళకి మూసేశారు. వాళ్ళకి మిగిలింది గవర్నమెంటు పూచీ లేని మామూలు బ్యాంకు అప్పు, అంటే కన్వెన్షనల్ లోను, ఒక్కటే.

గ్రీన్‌కార్డు చేతిలో ఉన్నా మనవాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది ఆదాయం దగ్గర. 2025లో చాలా కౌంటీలకి (మన జిల్లాల్లాంటివి) నలుగురి దాకా ఉన్న కుటుంబానికి పరిమితి 1,19,850 డాలర్లు, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ. ఇందులో మెలిక ఏంటంటే, లోను ఎవరి పేరు మీద ఉన్నా ఆ ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్ళందరి సంపాదనా కలుపుతారు. మేం కొన్నప్పుడు మా బావమరిది మాతోనే ఉండేవాడు. వాడికి లోనుతో సంబంధమేంటి అనుకుని నేను చెప్పనేలేదు. ఫైలు సగం నడిచాక అడిగారు. వాడి జీతం కలిపితే గీత దాటేశాం. అప్పటికే వాడు వేరే అపార్ట్‌మెంటుకి అడ్వాన్సు కట్టి ఉండబట్టి ఆ కాయితం చూపించి బయటపడ్డాం. హైదరాబాద్ ఫ్లాటు అద్దె కూడా లెక్కలోకే వస్తుంది, దాచకండి. పిల్లల డేకేర్ ఖర్చు మాత్రం తీసేస్తారు, ఆ రసీదులు జాగ్రత్త.

ఇక ఊరు. ఈ లోను పల్లె ప్రాంతాల ఇళ్ళకే. మెక్లీన్ కౌంటీ ఇల్లినాయ్‌లో విస్తీర్ణంలో అన్నిటికన్నా పెద్దది. మట్టి చూస్తే మా గుంటూరు నల్లరేగడి గుర్తొస్తుంది. కౌంటీ అంతా చేలే కదా అని ఎక్కడైనా లోను ఇస్తారనుకోవద్దు. బ్లూమింగ్టన్, నార్మల్ జంట ఊళ్ళు పల్లె లెక్కలోకి రావు. చుట్టుపక్కల లీరాయ్, హేవర్త్, లెక్సింగ్టన్ లాంటి చిన్న ఊళ్ళవైపు చూడాలి. యూఎస్‌డీఏ మ్యాపులో ఇంటి అడ్రసు కొట్టి చూశాకే ఆఫర్ రాయండి. హద్దులు అప్పుడప్పుడూ మారుతుంటాయి.

ఇంకో ఆశ కూడా ముందే వదులుకోండి. వ్యవసాయ శాఖ లోను కదా, అయిదెకరాలు కొని నాలుగు గేదెల్ని కట్టేద్దాం అనుకునేవాళ్ళని చూశాను. ఇది ఉండే ఇంటికే. ఆదాయం తెచ్చే పొలానికి, డెయిరీకి ఇవ్వరు. పెరట్లో గోంగూర, బెండ వేసుకుంటే ఎవరూ అడగరు.

ఖర్చు చూద్దాం. 2,40,000 డాలర్ల ఇంటికి ముందు ఫీజు ఒక శాతం, దాదాపు 2,400. దాన్ని అప్పులోనే కలిపేయొచ్చు. ఆపైన ఏటా 0.35 శాతం, అంటే మొదట్లో నెలకి 70 దాకా. కన్వెన్షనల్ లోనులో ఇంట్లో ఇరవై శాతం సొంతమయ్యాక పీఎంఐ, అంటే డౌన్ తక్కువ కట్టినందుకు వేసే ఇన్సూరెన్సు, తీసేయించుకోవచ్చు. యూఎస్‌డీఏ లోను మీద ఏటా పడే ఫీజు మాత్రం అప్పు తీరేదాకా పోదు. అయిదు శాతం డౌన్ కట్టగలిగితే రెండు రకాల లోన్ల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. నన్నడిగితే, డబ్బున్నవాళ్ళకి సున్నా డౌన్ అంత గొప్ప బేరమేం కాదు. పైగా ఇల్లినాయ్‌లో ఇంటి పన్ను ఏటా ఇంటి విలువలో రెండు శాతం పైమాటే. అది నెలవారీ వాయిదాలో కలిసి వస్తుంది. కొత్తవాళ్ళు మర్చిపోయేది సరిగ్గా అదే.

ఊరి బయట ఇల్లయితే బోరు నీళ్ళ పరీక్ష తప్పదు. మా బోరులో బాక్టీరియా బయటపడింది. అమ్మేవాళ్ళు క్లోరిన్ పోయించి మళ్ళీ పరీక్ష చేయించేసరికి క్లోజింగ్, అంటే ఇల్లు మన పేరుకి మారే రోజు, పది రోజులు వెనక్కి పోయింది. సెప్టిక్ ట్యాంకు మూత తీయించి చూపించమనండి. మొహమాటపడితే తర్వాత తవ్వుకునేది మీరే.

బ్యాంకు సరేనన్నాక కూడా ఫైలు యూఎస్‌డీఏ ఆఫీసుకి వెళ్ళి పూచీ కాయితం రావాలి. వాషింగ్టన్‌లో బడ్జెట్ గొడవపడి గవర్నమెంటు మూతపడితే ఆ కాయితం అక్కడే ఆగుతుంది. అది చేతికొచ్చేదాకా అపార్ట్‌మెంటుకి ఖాళీ చేస్తామని నోటీసు ఇవ్వకండి.