స్ప్రూస్‌కు బెరడు పురుగు: ముందు పచ్చటి చెట్లను వెతకండి

ప్రశ్న: మాది కోనసీమ. ఉద్యోగరీత్యా స్వీడన్‌లో స్థిరపడ్డాం. స్మోలాండ్‌లో వెక్షో పట్టణానికి దగ్గర్లో ఒక పాత ఇల్లు, దానితోపాటు 6 హెక్టార్ల స్ప్రూస్ (సూది ఆకులుండే చలి ప్రాంతపు చెట్టు) అడవి కొన్నాం. చెట్ల వయసు 60 ఏళ్లకు పైనే. పోయిన వేసవిలో దక్షిణం అంచున తొమ్మిది చెట్లు ఎర్రబడి ఎండిపోయాయి. ఈ జూన్ మొదట్లో వాటి పక్క చెట్ల మొదళ్ల దగ్గర గోధుమరంగు పొడి కనిపిస్తోంది, కానీ చెట్లు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ముందు ఎండిన చెట్లు నరికించాలా? మందు కొట్టొచ్చా? మా ఊళ్లో కొబ్బరికి ఎర్రముక్కు పురుగు వస్తే పెట్టినట్టు ఎర బుట్టలు పెడితే సరిపోతుందా? కాంట్రాక్టరేమో ఆ వైపు రెండు హెక్టార్లూ నరికేద్దాం అంటున్నాడు. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, స్మోలాండ్, స్వీడన్

జవాబు: మీరు చెప్పిన లక్షణాలన్నీ స్ప్రూస్ బెరడు పురుగువే. శాస్త్రీయ నామం ఇప్స్ టైపోగ్రాఫస్. మీ ఊరివాళ్లను అడిగితే గ్రాన్‌బార్క్‌బోరె అంటారు. ఎండిన తొమ్మిది చెట్ల నుంచి మీకు ఇక పెద్దగా ముప్పు లేదు. వాటిలో పెరిగిన పురుగులు ఎప్పుడో బయటికి వెళ్లిపోయాయి. అవి ఇప్పుడు ఉన్నది మొదట్లో పొడి రాలుతున్న ఆ పచ్చటి చెట్లలో. జూన్ నెలాఖరులోపు మీ శ్రమ, డబ్బు రెండూ వాటి మీదే పెట్టండి.

ఈ పురుగు 4 నుంచి 5.5 మిల్లీమీటర్ల పొడవుండే ముదురు గోధుమరంగు పెంకు పురుగు. చలికాలం ఎక్కువ భాగం చెట్టు కింద నేలలో, ఆకుల చెత్తలో దాక్కుంటుంది. వసంతంలో గాలి వేడి 18–20 డిగ్రీలు దాటిన రోజు చూసుకుని గుంపులుగా ఎగురుతుంది. మీ ప్రాంతంలో అది సాధారణంగా ఏప్రిల్ చివర, మే నెలల్లో. మగ పురుగు ముందు వెళ్లి బెరడుకు రంధ్రం చేసి లోపల చిన్న గది తొలుస్తుంది. అక్కడి నుంచి అది వదిలే వాసనకు ఆడవీ వస్తాయి, మిగతా మగవీ వస్తాయి. ఒకటీ అరా వస్తే ఆరోగ్యంగా ఉన్న స్ప్రూస్ బంక కార్చి పురుగును రంధ్రంలోంచి బయటికి తోసేస్తుంది. వందల కొద్దీ ఒకేసారి పడితే ఆ బంక చాలదు. పురుగుల వెంట వచ్చే నీలి మచ్చ శిలీంధ్రాలు కూడా లోపల పాకి చెట్టులో నీరు ఎక్కకుండా చేస్తాయి. చెట్టు నిండిపోయాక లోపలి పురుగుల వాసన మారిపోతుంది, ఆలస్యంగా వచ్చినవి పక్క చెట్టుకు మళ్లుతాయి. అందుకే చెట్లు అక్కడొకటి ఇక్కడొకటి కాకుండా గుంపుగా చస్తాయి. మీ తొమ్మిది చెట్ల కథ కూడా అదే.

ఇక మీరు చేయాల్సింది. వాన పడని రెండు మూడు రోజుల తర్వాత వెళ్లండి. వాన పడితే పొడి కొట్టుకుపోతుంది, చెట్టు బాగుందని మోసపోతాం. ఎండిన చెట్ల చుట్టూ 100 మీటర్ల మేర, ముఖ్యంగా ఎండ తగిలే అంచుల్లో, ప్రతి చెట్టు చుట్టూ తిరిగి చూడాలి. బెరడు పొలుసుల సందుల్లో, మొదట్లోని నాచు మీద, సాలెగూళ్లలో ముక్కుపొడుం చల్లినట్టు గోధుమరంగు పొడి కనిపిస్తే పురుగు లోపల ఉన్నట్టే. పొడి తెల్లగా ఉంటే అది చెక్కను తొలిచే వేరే పురుగు పని, దాని గురించి కంగారు వద్దు. బంక చుక్కలు కారుతున్నా, పచ్చటి సూది ఆకులు చెట్టు కింద రాలుతున్నా అనుమానించాలి. ఆకు ఎర్రబడేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది, పురుగు అప్పటికి వెళ్లిపోతుంది.

అనుమానం ఉన్న చెట్టుకు కత్తితో అరచేయంత బెరడు లేపి చూడండి. కాండం పొడవునా నిలువుగా ఒక సొరంగం, దానికి రెండు వైపులా వరుసగా చిన్న నొక్కులు కనిపిస్తాయి. ఆ నొక్కుల్లోనే ఆడ పురుగు గుడ్లు పెడుతుంది. అక్కడి నుంచి అడ్డంగా సన్నగా మొదలై వెడల్పవుతూ పోయే దారులు పిల్ల పురుగులవి. ప్రతి దారి చివర కాళ్లు లేని, తల గోధుమరంగులో ఉన్న తెల్లటి పురుగు దొరుకుతుంది. ఈ దశలో దొరికితే మీరు గెలిచినట్టే. చెట్టు నరికి బెరడు పూర్తిగా ఒలిచేస్తే అవి ఎండిపోయి చస్తాయి. లేత పసుపు రంగు పెంకు పురుగులు కనిపిస్తే మాత్రం బెరడు ఒలిచి అక్కడే పడేయకూడదు, అవి బతికి ఎగురుతాయి. బెరడును అడవి నుంచి తీసేయాలి. కాల్చాలనుకుంటే ముందు మీ కమ్యూన్‌లో (స్థానిక పురపాలక ప్రాంతం) నిప్పు నిషేధం ఉందేమో కనుక్కోండి. ఎండలు ముదిరిన వేసవిలో అది తరచూ ఉంటుంది.

బెరడు ఒలిచే ఓపిక లేకపోతే దుంగలను పురుగు ఎగరకముందే, అంటే దాడి జరిగిన ఆరేడు వారాల్లోపు, అడవి దాటించాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. చెట్లు నరికించి దుంగలను అడవి పక్కన రోడ్డు మీద పేర్చి, లారీ కోసం జూలై నెలంతా ఎదురుచూస్తారు. పురుగు ఆ పేర్పులోనే పెరిగి పెద్దదై పక్క చెట్లకు వెళ్తుంది. లారీ ఎప్పుడొస్తుందో ఖాయం చేసుకున్నాకే రంపం పట్టించండి.

చట్టం కూడా గుర్తుంచుకోండి. ఒక హెక్టారులో పాడైన తాజా స్ప్రూస్ కలప 5 ఘనమీటర్లు దాటితే, దాటిన మేరకు తీసేయడం యజమాని బాధ్యత. ఛాతీ ఎత్తులో 30 సెంటీమీటర్ల మందం, 25 మీటర్ల ఎత్తు ఉన్న చెట్టు సుమారు 0.8 ఘనమీటర్లు ఉంటుంది. అంటే ఆరేడు చెట్లకే లెక్క దాటిపోతుంది. గడువు తేదీ ప్రాంతాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఈ ఏడాది మీ ప్రాంతపు తేదీని స్వీడన్ అటవీ సంస్థ స్కూగ్స్‌స్టీరెల్సెన్‌ను అడగండి. సలహా కూడా వాళ్లే ఇస్తారు.

ఎండిన తొమ్మిది చెట్లు దారి మీదో, ఇంటి మీదో పడేలా లేకపోతే అలాగే వదిలేయండి. ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుంది, కానీ నేను గట్టిగానే చెబుతున్నాను. ఆ బెరడు కింద ఈ పురుగును తినే జీవులు ఉంటాయి. ఎరుపు, నలుపు, తెలుపు చారల చీమ పెంకు పురుగు థానసిమస్ ఫార్మికేరియస్, మెడెటెరా అనే ఈగల పిల్లలు, బుల్లి పరాన్నజీవి కందిరీగలు అక్కడే పెరుగుతాయి. మూడు వేళ్ల వడ్రంగి పిట్టకూ అవే తిండి చెట్లు. పురుగు వెళ్లిపోయిన చెట్టును నరికితే పోయేది మీకు సాయపడే జీవులే. ఒకవేళ నరకాల్సి వస్తే మీరు స్వయంగా రంపం పట్టకండి. ఎండిన స్ప్రూస్ పై భాగం ఊగితే విరిగి నెత్తిన పడుతుంది. శిక్షణ ఉన్నవాళ్లతోనే చేయించండి.

ఎర బుట్టల మాట. కొబ్బరి తోటలో ఎర్రముక్కు పురుగుకు అవి పనికొస్తాయి. ఇక్కడ ఒక్క చెట్టు నుంచే వేలాది పురుగులు బయటికొస్తాయి, బుట్టలో పడేది అందులో కొద్దిగానే. పైగా బుట్టను బతికున్న స్ప్రూస్‌కు దగ్గరగా పెడితే వాసనకు వచ్చినవి ఆ చెట్టు మీదే వాలతాయి. పురుగు ఎప్పుడు ఎగురుతోందో తెలుసుకోవడానికి అవి మంచివి, ఆ పని అటవీ సంస్థ చేసి వివరాలు అందరికీ ఇస్తోంది. మందు సంగతి అసలు తలపెట్టొద్దు. బెరడు లోపలున్న పురుగుకు అది తగలదు.

రెండు హెక్టార్లూ నరికేయమన్న సలహా నాకు నచ్చలేదు. నరికిన చోట ఇన్నాళ్లూ నీడలో పెరిగిన చెట్లు ఒక్కసారిగా ఎండకు నిలబడతాయి, రాబోయే రెండు మూడేళ్లు పురుగు వెతికేది అలాంటి అంచులనే. పొడి ఉన్న చెట్లను ఏరి తీయించండి. సగానికి పైగా చెట్లకు సోకిందని తేలితే అప్పుడు మొత్తం నరకడం గురించి ఆలోచించవచ్చు. అర హెక్టారు, అంతకు మించి తుది నరుకుడైతే (చెట్లన్నీ ఒకేసారి తీసేయడం) ఆరు వారాల ముందే అటవీ సంస్థకు తెలియజేయాలి, తర్వాత మళ్లీ అడవి పెంచాలి.

ఇది మీ నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదు, బాధపడకండి. 2005 జనవరిలో గుద్రున్ తుఫాను దక్షిణ స్వీడన్‌లో సుమారు 7.5 కోట్ల ఘనమీటర్ల చెట్లను కూల్చింది. పడిపోయిన చెట్లలో పురుగు పెరిగి తర్వాతి ఏళ్లలో నిలబడిన చెట్ల మీద పడింది. పురుగు విషయంలో 2018 వేసవి కరువు అంతకంటే పెద్ద దెబ్బ. స్ప్రూస్ వేళ్లు పైపైనే పారతాయి, నేల ఎండితే మొదట ఒడిలేది అదే. నీరు లేక ఆకుల రంధ్రాలు మూసుకుంటే ఆహారం తయారీ తగ్గుతుంది, బంక తయారీ కూడా తగ్గుతుంది. మీరు నరికించే చెట్ల మోడులో బెరడు వైపు నుంచి లోపలికి ఏడాది వలయాలు లెక్కపెట్టుకుంటూ వెళ్లండి. 2018 దగ్గర, దాని తర్వాతి ఏడాది దగ్గర వలయం సన్నబడి ఉంటే ఆ చెట్టుకు కరువు ఎంతగా తగిలిందో తెలుస్తుంది. వలయాలు సన్నబడి మళ్లీ వెడల్పు కాని చోట నేల పలచనిది కావచ్చు, అక్కడ మళ్లీ స్ప్రూస్ నాటకండి.

అలాంటి తేమ లేని మెరకల్లో పైన్ మంచిది. కాకపోతే ఎల్గ్‌లు (పెద్ద జాతి జింకలు) లేత పైన్ కొమ్మలను ఇష్టంగా మేస్తాయి. ఆ భయంతోనే స్మోలాండ్‌లో చాలామంది పైన్ పెరగాల్సిన నేలలో కూడా స్ప్రూస్ నాటారు, ఇప్పుడు ఆ చెట్లే పురుగుకు దొరుకుతున్నాయి. వేట బృందాలతో మాట్లాడుకుని, పొరుగు యజమానులతో కలిసి నాటితే ఒక్క మీ తోట మీదే మేత భారం పడదు. తేమ ఉన్న పల్లంలో స్ప్రూస్ ఉండనివ్వండి, మధ్యలో దానంతట అదే మొలిచే బిర్చ్ (ఆకు రాల్చే చెట్టు)ను పీకేయకండి. కొత్తగా నరికిన చోట నాటే మొక్కలకు ఇంకో శత్రువు ఉంది, పైన్ ముక్కు పురుగు. తాజా మోడుల వాసనకు వచ్చి మొక్కల మొదట్లో బెరడు కొరికేస్తుంది. నాటే చోట పై పొర తీసి మట్టి బయటపెట్టండి, కాండానికి ఇసుక, జిగురు పూత వేసిన మొక్కలే నర్సరీలో అడిగి తీసుకోండి. మొదటి రెండు మూడేళ్లు గడిస్తే దాని బెడద తగ్గుతుంది.

ఈ వారంలోనే ఒకసారి తిరిగి, పొడి ఉన్న ప్రతి చెట్టుకు రంగు రిబ్బన్ కట్టి లెక్క రాయండి. పది రోజులకోసారి అదే దారిలో మళ్లీ వెళ్లండి. లేపిన బెరడు లోపలి వైపు ఫొటో తీసి పంపితే పురుగు ఏ దశలో ఉందో, ఎన్ని రోజులు సమయం ఉందో చెబుతాను.