కాలేయంలో 4 సెంటీమీటర్ల గడ్డ.. సైజు చూసి భయపడాలా?

ప్రశ్న: మా బాపుకు 58 ఏళ్లు. హెపటైటిస్-బి, సిర్రోసిస్ (కాలేయం గట్టిపడటం) ఉన్నాయి. సీటీ స్కాన్‌లో కాలేయానికి కుడివైపు 4.2 సెం.మీ. గడ్డ కనిపించింది, క్యాన్సరే అన్నారు. ప్లేట్‌లెట్లు 82 వేలే ఉన్నాయని బొప్పాయి ఆకు రసం తాగిస్తున్నాం. మా పెద్దబాపుకు ఇదే జబ్బొస్తే గడ్డ రెండున్నర సెంటీమీటర్లే ఉన్నా ఆరు నెలలు కూడా బతకలేదు. మా ఊళ్లోనే ఒకాయన 9 సెం.మీ. గడ్డకు ఆపరేషన్ చేయించుకుని మళ్లీ పొలం పోతున్నాడు. మరి సైజును బట్టి ఏమనుకోవాలి? రిపోర్టులు పంపుతున్నాం.
- ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: సైజుకు విలువ ఉంది, కానీ అదొక్కటే చూసి లెక్క తేల్చలేం. గడ్డ పెరిగేకొద్దీ పక్కనున్న సన్నటి రక్తనాళాల్లోకి చొరబడే అవకాశం, చుట్టూ పిల్ల గడ్డలు పుట్టే అవకాశం పెరుగుతాయి. పైగా సెంటీమీటర్ల లెక్క మనల్ని మోసం చేస్తుంది. 2 సెం.మీ. గుండ్రటి గడ్డ 4 సెం.మీ. అయిందంటే రెట్టింపేగా అనుకుంటాం. నిజానికి 8 రెట్లు అయినట్టు. 3 సెం.మీ. లోపు గడ్డను సూదితో కాల్చేసే అబ్లేషన్ బాగా పనిచేస్తుంది. అది దాటాక కాల్చడం ఒక్కటే చేస్తే గడ్డ మళ్లీ వచ్చే ముప్పు పెరుగుతుంది.

మీ పెద్దబాపు రిపోర్టులు నేను చూడలేదు. అలాంటి కేసుల్లో సాధారణంగా రెండిట్లో ఒకటి జరిగి ఉంటుంది. చిన్న గడ్డే పోర్టల్ వెయిన్ అనే పెద్ద రక్తనాళంలోకి పాకి ఉంటుంది, లేదా కాలేయం అప్పటికే పూర్తిగా చెడిపోయి కామెర్లు, కడుపులో నీరు వచ్చి ఉంటాయి. ఈ జబ్బులో చాలామంది ప్రాణం తీసేది గడ్డ కంటే దాని చుట్టూ పాడైన కాలేయమే. మీ ఊరాయనకు మిగతా కాలేయం బాగుండి ఉండాలి. సిర్రోసిస్ లేనివాళ్లకు గడ్డ పెద్దదైనా, ఒక్కటే ఉండి పెద్ద నాళాలను పట్టకపోతే కోసి తీసేయడానికి వీలుంటుంది.

ఇక మీ బాపు సంగతి. ఇంట్లో అందరూ 4.2 దగ్గరే ఆగిపోయినట్టున్నారు. నేను ముందు వెతికింది రిపోర్టు చివర్లో ఉన్న ‘పోర్టల్ వెయిన్ పేటెంట్’ అనే మాట. నాళం తెరుచుకునే ఉందని అర్థం. గడ్డ ఒక్కటే. కాలేయం పనితీరు చెప్పే రక్తపరీక్షల్లో బిలిరుబిన్ 1.6, అల్బుమిన్ 3.1, పొట్టలో నీరు లేదు. అంటే కాలేయం ఇంకా పని చేస్తోంది. ఇవి ధైర్యం చెప్పదగ్గ విషయాలే.

ప్లేట్‌లెట్లు తగ్గింది డెంగ్యూ వల్ల కాదు. కాలేయం గట్టిపడి రక్తం వెనక్కి తన్నడంతో ప్లీహం ఉబ్బింది, అందుకే తగ్గాయి. ఆకు రసంతో అవి పెరగవు, ఆపేయండి. పసరు మందుల జోలికి అసలే పోవద్దు. ఈ 82 వేలు ఇంకో మాట కూడా చెబుతున్నాయి. నాళంలో ఒత్తిడి ఇలా ఉన్నప్పుడు కాలేయాన్ని కోస్తే మిగిలిన ముక్క తట్టుకోకపోవచ్చు. కాబట్టి ఆపరేషన్‌కు తొందరపడకుండా సర్జన్‌తో కూర్చుని మాట్లాడండి.

అబ్లేషన్‌కు తోడు గడ్డకు రక్తం పోయే దారిని మూసే టేస్ చికిత్స చేయొచ్చు. కాలేయ మార్పిడి గురించి కూడా అడగండి. 1996 నుంచి వాడుకలో ఉన్న మిలాన్ కొలతల ప్రకారం ఒక్క గడ్డయితే 5 సెం.మీ. దాకా, మూడు దాకా ఉంటే ఒక్కోటి 3 సెం.మీ. దాకా మార్పిడి చేయొచ్చు. మీ బాపు ఆ గీతకు లోపలే ఉన్నారు. గ్యాస్ట్రో డాక్టరు, లివర్ సర్జన్, రేడియాలజిస్టు ముగ్గురూ కలిసి చూసే ఆసుపత్రికి, అంటే బహుశా హైదరాబాద్‌కు, ఈ వారంలోనే తీసుకెళ్లండి. ఆరోగ్యశ్రీలో ఏ చికిత్స వస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు సీటీలో గుర్తులు స్పష్టంగా ఉంటే బయాప్సీ అక్కర్లేదు, దాని గురించి టెన్షన్ వద్దు. హెపటైటిస్-బి మాత్ర మాత్రం ఒక్క రోజు కూడా మానొద్దు.

అన్నదమ్ములిద్దరికీ ఒకే జబ్బు రావడం గమనించారా? ఈ క్యాన్సర్‌కు దారితీసే హెపటైటిస్-బి వైరస్ చాలా ఇళ్లలో తల్లి నుంచి పిల్లలకు కాన్పు సమయంలో అంటుతుంది. మీ అత్తలు, బాబాయిలు, మీ అమ్మ, మీరు, మీ తోబుట్టువులు, పెద్దబాపు పిల్లలు అందరూ ఈ వైరస్ ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ రక్తపరీక్ష చేయించుకోండి. లేదని తేలినవాళ్లు ఇప్పటిదాకా టీకా వేయించుకోకపోతే మూడు డోసులూ వేయించుకోండి. ఉందని తేలితే డాక్టరును కలిసి, ఆరు నెలలకోసారి స్కాన్ ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో అడగండి. మీ పెద్దబాపు కొడుకులను ముందు పంపండి.