ఒరిజినల్ అర్రేను మార్చని మెథడ్లే కావాలని నేను ఎందుకు పట్టుబడతానంటే

టైప్‌స్క్రిప్ట్‌లో (టైపులు చేర్చిన జావాస్క్రిప్ట్) ఒక అర్రేను, అంటే విలువల జాబితాను, సార్ట్ చేసే (క్రమంలో పెట్టే) ముందు స్లైస్‌తో (కోరిన భాగాన్ని లేదా మొత్తాన్ని కొత్త అర్రేగా ఇచ్చే మెథడు) ఒక కాపీ తీసుకోవాలని గుర్తుంచుకుంటే చాలు కదా, అసలు అర్రేను మార్చకుండా ఒకదాని వెంట ఒకటి పిలుచుకోగలిగే మెథడ్ల (అర్రేకు చెందిన ఫంక్షన్ల) కోసం ప్రత్యేకంగా ఒక లైబ్రరీ (ముందే రాసిపెట్టుకున్న కోడు) ఎందుకని మీరు అడిగారు. గుర్తుంచుకోవడం మీద ఆధారపడిన ఏ పద్ధతీ ఒక జట్టులో ఏడాదికి మించి నిలవదన్నది నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకు 2021లో, బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక సరుకుల బండి పడిన పాట్లతో కలిగింది.

అప్పుడు నేను కిరాణా సరుకులను హోటళ్లకూ దుకాణాలకూ చేరవేసే ఒక చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. గోడౌను కె.ఆర్.పురం దగ్గర ఉండేది. తెల్లవారుజామున మా సర్వరు ఆ రోజు దిగాల్సిన చోట్లను దారి వరుసలో పేర్చి, మహదేవపుర, మారతహళ్ళి, బెళ్ళందూరు, చివరికి హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ అన్న క్రమంలో డ్రైవరు ఫోనుకు పంపేది. లోడింగు చేసేవాళ్లకు వీలుగా ఉంటుందని, అన్నింటికంటే బరువైన మూడు ఆర్డర్లను తెర పైభాగాన చూపించమని ఒకరోజు యజమాని కోరారు. జట్టులో కొత్తగా చేరిన అబ్బాయి ఆ పనిని ఒకే కోడు వరుసలో పూర్తి చేశాడు: చోట్ల అర్రేను బరువు ప్రకారం సార్ట్ చేసి, వెంటనే స్లైస్‌తో మొదటి మూడింటిని తీసుకున్నాడు. దాన్ని చదివి, బాగుందని ఆమోదించింది నేనే.

మర్నాడు ఉదయం ఎనిమిది గంటలకు మదనపల్లె నుంచి వచ్చి మా దగ్గర బండి నడుపుతున్న పెద్దాయన ఫోను చేశారు. "సార్, హెచ్.ఎస్.ఆర్.లో దింపినాక మళ్ళా మహదేవపురకు పొమ్మంటాంది ఫోను, ఆడినుంచి తిరిగి బెళ్ళందూరంట, ఇది నిజమేనా?" అని అడిగారు. ఆ వేళకు సిల్క్ బోర్డు కూడలి ఎలా ఉంటుందో బెంగళూరులో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. అప్పటికే ఆయన దారిలో ఉన్న నాలుగు చోట్లను దాటుకుని, అన్నింటికంటే బరువైన బియ్యం బస్తాలున్న హోటలుకు ముందుగా వెళ్లిపోయారు. ఆ రోజు 11 చోట్లలో సగానికి పైగా ఆలస్యమయ్యాయి, ఒక మెస్‌వారు మధ్యాహ్నం వంటకు సరుకు అందక ఆర్డరు రద్దు చేసుకున్నారు. ఫోను చెప్పిన దారిని నమ్మి వెళ్లిన ఆ మనిషి, తాను ఏదో తప్పు నొక్కానేమోనని సాయంత్రం వరకూ బాధపడుతూనే ఉన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలదు.

జరిగింది ఇంతే. సార్ట్ కొత్త అర్రేను ఇవ్వదు, ఉన్న అర్రేనే కదిపి, దాన్నే తిరిగి ఇస్తుంది. స్లైస్ పిలిచే సమయానికి దారి వరుస చెడిపోయింది. మ్యాప్ (ప్రతి అంశం నుంచి కొత్తదాన్ని చేసేది), ఫిల్టర్ (వడకట్టేది), స్లైస్ అన్నీ కొత్త అర్రేను ఇచ్చేవే కాబట్టి, వాటి మధ్య సార్ట్ కూర్చున్నప్పుడు అది కూడా ఆ కుటుంబానిదే అని కన్ను నమ్ముతుంది. పైథాన్‌లో జాబితాను ఉన్నచోటే మార్చే సార్ట్ ఏమీ తిరిగి ఇవ్వదు, కొత్త జాబితా కావాలంటే సార్టెడ్ అన్న వేరే ఫంక్షను ఉంది, కాబట్టి అక్కడ ఈ పొరపాటు మొదటి పరుగులోనే బయటపడుతుంది. జావాస్క్రిప్ట్ సార్ట్ మాత్రం ఫలితాన్నీ ఇస్తుంది, మూలాన్నీ మారుస్తుంది. మా పరీక్షలు దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే పరీక్షకు పెట్టిన మూడు చోట్లూ ముందే బరువు తగ్గే క్రమంలో ఉన్నాయి.

ఆ అర్రేను కాన్‌స్ట్ (స్థిరం) అనే ప్రకటించాము కదా అని ఆ రోజు ఒకరు వాదించారు. కాన్‌స్ట్ ఆ పేరును మరొక విలువకు కట్టనివ్వదు తప్ప, లోపలి వస్తువులకు కాపలా కాయదు. ఈ ఊళ్లో ఇంటర్వ్యూలకు వెళ్లినప్పుడల్లా క్విక్ సార్ట్‌ను బోర్డు మీద రాయమంటారు కానీ, సార్ట్ పిలిచాక పాత అర్రే ఏమవుతుందని ఇంతవరకూ నన్ను ఒక్కరూ అడగలేదు. రోజూ వాడే దాన్ని వదిలి ఎన్నడూ రాయనిదాన్ని పరీక్షించడం నాకు న్యాయంగా తోచదు.

ఆ వారమే మేము ఒక చిన్న క్లాసు రాసుకున్నాము. అది లోపల రీడ్‌ఓన్లీ (చదవడానికి మాత్రమే వీలయ్యే) అర్రేను దాచుకుంటుంది, వడకట్టడం, క్రమంలో పెట్టడం, మొదటి కొన్నింటిని తీసుకోవడం వంటి ప్రతి మెథడూ కొత్త వస్తువునే తిరిగి ఇస్తుంది. క్రమంలో పెట్టే మెథడుకు ఇచ్చే పేరు ఆ టైపులో ఉన్న ఫీల్డే అయి ఉండాలి కాబట్టి, బరువు అన్న పదంలో ఒక అక్షరం తప్పినా కంపైలరు (నడపకముందే కోడును తనిఖీ చేసేది) అక్కడే ఆపుతుంది. మొదటిదాన్ని ఇచ్చే మెథడు, ఏమీ లేకపోవచ్చన్న సంగతిని తన టైపులోనే చెబుతుంది. అన్నింటికంటే మేలైన సంగతి, రీడ్‌ఓన్లీ అర్రే మీద సార్ట్ అని రాస్తే అటువంటి ప్రాపర్టీయే లేదని కంపైలరు అనడం. అంటే ఆ అబ్బాయి రాసిన వరుస నా దాకా వచ్చేదే కాదు. ఈ రక్షణ కంపైలు చేసే సమయానికే పరిమితమన్న మాట నిజమే, కానీ మా తప్పు కూడా ఆ సమయంలోనే పట్టుబడదగినది.

కాపీలు చేస్తే నెమ్మదిస్తుందన్న వాదనను నేను ఒప్పుకోను. కాపీ అయ్యేది వస్తువులు కాదు, వాటి చిరునామాల్లాంటి రిఫరెన్సులు. 11 చోట్లకు ఆ ఖర్చు లెక్కలోకే రాదు. రెడ్యూస్ (అర్రేలోని అంశాలను ఒక్కొక్కటిగా కలుపుకుపోయే మెథడు) లోపల ప్రతి అడుగులో స్ప్రెడ్ చేస్తూ (అప్పటిదాకా చేరినదంతా కొత్త అర్రేలోకి కాపీ చేస్తూ) పోతే మాత్రం 10,000 మూలకాలకు దాదాపు 5 కోట్ల రిఫరెన్సులు కదులుతాయి, అది చేయకూడదు. అలాగే ఇవన్నీ పైపొర కాపీలే కాబట్టి, మ్యాప్ లోపల ఆర్డరు స్థితిని నేరుగా మారిస్తే పాత అర్రేలోని ఆర్డరు కూడా మారుతుంది. అందుకే మేము ఫీల్డులను కూడా రీడ్‌ఓన్లీ చేశాము.

ఇప్పుడైతే పరిస్థితి మెరుగైంది. జావాస్క్రిప్ట్ ప్రమాణమైన ఎక్మాస్క్రిప్ట్ 2023లో, మూలాన్ని మార్చకుండా కొత్త అర్రేను ఇచ్చే టుసార్టెడ్, టురివర్స్‌డ్, టుస్ప్లైస్‌డ్, విత్ అన్న మెథడ్లు భాషలోకే వచ్చాయి, టైప్‌స్క్రిప్ట్ 5.2 వాటి టైపులను చేర్చింది. మీది కొత్త ప్రాజెక్టు అయితే వీటితో పాటు ఫంక్షన్లకు వచ్చే ప్రతి అర్రేనూ రీడ్‌ఓన్లీగా ప్రకటించండి, అప్పుడు లైబ్రరీ లేకున్నా చాలావరకు గడుస్తుంది. అయితే సర్వరు ఇంకా నోడ్ (సర్వరు మీద జావాస్క్రిప్ట్‌ను నడిపేది) 18 మీద ఉంటే జాగ్రత్త పడండి: కంపైలరు సెట్టింగులో ఈఎస్2023 (ఎక్మాస్క్రిప్ట్ 2023) అని రాసినంత మాత్రాన టైపులు వస్తాయే తప్ప మెథడ్లు రావు, టుసార్టెడ్ అన్న పిలుపు కంపైలరును దాటి సర్వరు మీద విరుగుతుంది. నోడ్ 20 నుంచి అవి నిజంగా ఉన్నాయి. అంతకు ముందు వెర్షను మీద ఉన్నంతకాలం, లోపల తానే కాపీ చేసుకునే చిన్న లైబ్రరీని వాడండి.