లక్షా అరవై వేలు తిరిగిన ఆర్ఎస్ కొన్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మొన్న ఆదివారం నువ్వు బండి తెచ్చి చూపించి వెళ్లిన దగ్గర్నుంచి నాకు అదే ధ్యాస. 2005 స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ కారు, ఎర్ర రంగు, మీటరు మీద లక్షా అరవై రెండు వేల కిలోమీటర్లు. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కాక మూడో గేర్లో నువ్వు కొంచెం తొక్కేసరికి టర్బో అందుకుంది చూడు, పక్క సీట్లో ఉన్న నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆటోనగర్లో షెడ్డు మానేసి ఆరేళ్లయినా ఆ చప్పుడు వింటే చేతులు ఊరుకోవు. మంచి బండి కొన్నావు. మనస్ఫూర్తిగా అంటున్నాను.

నిన్న ఫోన్లో నువ్వు అడిగిన మొదటి మాట చిప్ గురించి. "మామయ్యా, మ్యాపింగ్ చేయిస్తే 190 హార్స్‌పవర్ వస్తుందంట కదా" అన్నావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కాగితం తీసుకున్నాను.

వస్తుంది. 1781 సీసీ టర్బో, సిలిండర్‌కి ఐదేసి వాల్వులు, కంపెనీ ఇచ్చిన లెక్క 150. మ్యాపింగ్ అంటే ఇంజిన్ కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ మార్చడమే, అది మారిస్తే ఆ ఇంజిన్ 190 దరిదాపులకు పోతుంది. కానీ అది అన్నీ కొత్తగా ఉన్నప్పటి మాట. నీ బండి ఇప్పుడు ఆ 150 కూడా ఇవ్వడం లేదు. నేను పక్కన కూర్చుని చూసినదాన్ని బట్టి 125, మహా అయితే 130. టర్బో ఫ్యాను ఇంజిన్లోకి నొక్కి కొట్టే గాలి ఎక్కడో లీకవుతోంది. నువ్వు పాట పెట్టావు గనక నీకు వినపడలేదు గానీ, పికప్ అందుకునే ముందు డాష్‌బోర్డు వెనకనుంచి సన్నగా ఈల లాంటి చప్పుడు వచ్చింది. కాబట్టి నువ్వు చేయించాల్సిన మొదటి మాడిఫికేషన్ ఆ పోయిన పాతికా వెనక్కి తెచ్చుకోవడం. దానికి చిప్ అక్కర్లేదు. హోస్ పైపులు, క్లిప్పులు, ఓపిక చాలు.

పొగ పెట్టి చెక్ చేసే మిషన్ ఇప్పుడు ఆటోనగర్లో చాలామంది దగ్గర ఉంది. ఇన్‌టేక్ పైపులోకి పొగ వదిలితే చిల్లు ఎక్కడుంటే అక్కడ బయటికి వస్తుంది. సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద సన్న రబ్బరు పైపులు ఒక గుత్తిలా ఉంటాయి, ఇంజిన్ పొగను వెనక్కి లాగే పైపులు కూడా అక్కడే. ఇరవై ఏళ్ల వేడికి అవి అప్పడాల్లా అయిపోతాయి, వేలితో నొక్కితే విరుగుతాయి. ఒక్కటి చిల్లుపడిందని ఆ ఒక్కటే మార్చొద్దు. ఈరోజు ఇది మారిస్తే వచ్చే నెల పక్కది పోతుంది. గుత్తి మొత్తం ఒకేసారి మార్పించు. ఆయిల్ చూసే పుల్ల తీసినప్పుడు గమనించావా, దాని నారింజ రంగు ప్లాస్టిక్ గొట్టం నోరు పగిలి ఉంది. ఆ ఇంజిన్లన్నిటికీ ఆ రోగం ఉంది. పెంకులు లోపల పడకముందే అది మార్చు, చాలా చిన్న ఖర్చు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. టైమింగ్ బెల్ట్. పిస్టన్లూ వాల్వులూ ఒకే తాళంలో కదిలేలా చూసే పళ్ల పట్టీ అది. అది జారితే పిస్టన్లు వెళ్లి వాల్వులను గుద్దుతాయి.

అమ్మినాయన "లక్ష దగ్గర మార్పించాం" అన్నాడని చెప్పావు. బిల్లు ఉందా? లేదు. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. ఈ మాట నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. పదేళ్ల కిందట గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఆయన ఒకరు ఇదే ఇంజిన్ ఉన్న బండి తెచ్చారు. క్లచ్ పని. బెల్ట్ సంగతి అడిగితే, పాత ఓనరు మార్పించాడట అన్నారు. నేను పై కవరు రెండు క్లిప్పులు తీసి, టార్చి వేసి చూశాను. బెల్ట్ నల్లగా, బాగానే కనపడింది. సరేనని కవరు పెట్టేశాను. అదే నా తప్పు. మూడు వారాల తర్వాత కాజ టోల్‌గేట్ దగ్గర బండి ఆగిపోయింది. స్టార్టర్ తిప్పితే ఇంజిన్ మామూలుకంటే తేలిగ్గా, గిర్రున తిరిగింది. ఆ చప్పుడు వినగానే నాకు కాళ్లు చల్లబడ్డాయి. కంప్రెషన్ లేదన్నమాట, అంటే సిలిండర్లలో గాలి నొక్కుకోవడం లేదు.

షెడ్డుకి లాక్కొచ్చి హెడ్ దించాం. బెల్ట్ తెగలేదు. వాటర్ పంప్ బేరింగ్ పట్టేసి, బెల్ట్ పళ్లు ఒలిచేసింది. ఆ ఇంజిన్లో వాటర్ పంప్‌ను తిప్పేది కూడా టైమింగ్ బెల్టే, గుర్తుపెట్టుకో. ఇరవై వాల్వుల్లో పదమూడు వంగిపోయాయి. ఒక్కోటి అరచేతిలో పెట్టుకుని దొర్లిస్తే తల ఊగుతూ తిరిగేది. పిస్టన్ల నెత్తిమీద నెలవంకల్లా గాట్లు. ఆ పని ఖర్చులో సగం నేనే పెట్టుకున్నాను. ఆయన అడగలేదు, కానీ కవరు విప్పి చూసి కూడా పోనిచ్చింది నేను కదా.

అందుకని బెల్ట్ ఒక్కటే మార్చి రానివ్వకు. బెల్ట్, దాన్ని బిగించి పట్టే టెన్షనర్, దారిలో నడిపే ఐడ్లర్ పుల్లీ, వాటర్ పంప్, థర్మోస్టాట్ అన్నీ ఒక్క దెబ్బకి పడాలి. పంప్ లోపలి రెక్క ప్లాస్టిక్‌ది కాకుండా లోహంది అడిగి తీసుకో. ప్లాస్టిక్ రెక్కలు పగిలి ఇరుసు మీద ఉత్తినే తిరుగుతుంటే నీళ్లు కదలవు, ఇంజిన్ హీటెక్కుతుంది. ఈ పనికి కుడివైపు ఇంజిన్ మౌంటింగ్ విప్పక తప్పదు, ఎలాగూ విప్పారు గనక ఆ రబ్బరు కూడా చూడమను. పాత సామాన్లన్నీ సంచిలో వేసి ఇమ్మని అడుగు. నీ కళ్ల ముందు లేని పనికి అదే సాక్ష్యం. నా లెక్కలో ఈ బెల్ట్ లక్ష దాటనివ్వకూడదు, తక్కువ తిరిగినా ఐదారేళ్లు దాటనివ్వకూడదు.

ఇక వేడి. ఈ బండి డిజైన్ చల్లటి దేశంలో పుట్టింది, రోహిణి కార్తెలో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడడం దానికి పెద్ద పరీక్ష. రేడియేటర్లో ఇప్పుడు ఏముందో చూశాను. కొంచెం గులాబీ, కొంచెం గోధుమ రంగు. ఎవరో రెండు రకాల కూలెంట్లు కలిపారు. రెండూ కలిస్తే కొన్నిసార్లు బురదలా గడ్డకడుతుంది. మొత్తం దింపించి, శుభ్రంగా కడిగించి, కంపెనీ చెప్పిన గులాబీ రకాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయించు. కుళాయి నీళ్లు వద్దు, బోరు నీళ్లు అసలే వద్దు. హెడ్ పక్కన నీళ్ల పైపులు కలిసే ప్లాస్టిక్ ముక్క ఒకటుంటుంది, అది కూడా వేడికి పగిలే రకమే. ఫ్యాన్లు రెండు వేగాల్లోనూ తిరుగుతున్నాయో లేదో నిలబడి చూసుకో. తక్కువ వేగం పోయినా మనకు తెలియదు, ఎక్కువ వేగం కాపాడుతూ ఉంటుంది. ఏప్రిల్ దాకా అలా నడిచి, మే నెలలో బయటపడుతుంది.

ఆయిల్ గురించి నువ్వు వాదన పెట్టుకోకు. 502 00 అని డబ్బా మీద రాసి ఉన్న ఫుల్ సింథటిక్, 5డబ్ల్యూ-40. పుస్తకంలో ఎంత దూరం రాసినా ఏడు వేల కిలోమీటర్లకే మార్చు. ఈ ఇంజిన్లో ఆయిల్ ఎక్కువ వేడెక్కి మడ్డి పేరుకుంటుంది, ఆ మడ్డి సంప్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలో, ఆయిల్ పీల్చే జల్లెడను మూసేస్తుంది. ముందు ఓనర్లు ఎంత ఆలస్యం చేశారో మనకు తెలియదు గనక ఒకసారి సంప్ దించి ఆ జల్లెడ చూద్దాం. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, దాన్ని నిలబెట్టేది సన్నటి ఆయిల్ పొర ఒక్కటే. పొద్దున్న స్టార్ట్ చేసి వెంటనే తొక్కొద్దు. హైవే మీద బాగా తోలి వచ్చాక ఇంటి ముందు టక్కున ఆపొద్దు, ఆఖరి రెండు కిలోమీటర్లు మెల్లగా రా, ఒక నిమిషం ఐడిలింగ్‌లో ఉంచు. ఎరుపెక్కిన టర్బోలో ఆయిల్ ఆగిపోతే మాడి బొగ్గవుతుంది.

ఇంజిన్ లైటు వెలుగుతూ మినుకుమినుకుమంటే, అంటే ఆగి ఆగి వెలిగితే, అక్కడే పక్కకు తీసి ఆపెయ్యి. మిస్సింగ్ కొడుతోందని, ఏదో సిలిండర్లో పెట్రోలు మండడం లేదని అర్థం, కాలని పెట్రోలు సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కరిగించేస్తుంది. చాలాసార్లు ప్లగ్గుకి కరెంటిచ్చే ఇగ్నిషన్ కాయిల్ ఒకటి పోవడమే కారణం. డిక్కీలో ఒక కాయిల్, దాన్ని పీకే పనిముట్టు ఎప్పుడూ ఉంచుకో. మంగళగిరి దగ్గర ఆగిపోతే పది నిమిషాల్లో నువ్వే మార్చుకోవచ్చు.

పెట్రోలు మాట కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసే వస్తోంది. నీ బండి రబ్బర్లు దానికోసం చేసినవి కావు. ఇంజిన్ దగ్గరి పెట్రోలు హోసులు ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయించు, పాత ఫిల్టర్ మార్చు, ట్యాంకు సగం నింపి నెలల తరబడి నిలబెట్టకు. ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది.

నువ్వు టీ తాగుతుండగా నేనింకో పని చేశాను. వెనక సీటు బెల్టు చివరిదాకా లాగి చూశాను, స్టెప్నీ ఎత్తి గుంట తడిమాను, సీటు పట్టాల కింద బోల్టులు చూశాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మీద పడ్డాక సింగ్‌నగర్ వైపు మునిగిన బండ్లు కడిగి అమ్మినవి చాలా చూశాం. బెల్టు చివర బురద గీత ఉండిపోతుంది, ఎంత కడిగినా పోదు. నీ బండికి లేదు. ఆ విషయంలో నిశ్చింతగా ఉండు.

కాగితాలు త్వరగా చూసుకో. 15 ఏళ్లు దాటిన బండికి ఆర్సీ ఐదేళ్లకోసారి రెన్యువల్. 2005 బండి గనక తేదీ ఇప్పుడే చూడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడానికి లేదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. రంగు మార్చినా, ఇంజిన్ మార్చినా ఆర్సీలో ఎక్కాలి. ఏది మార్చినా ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పు. చెప్పకుండా ఉంచితే రేపు ఏదైనా జరిగినప్పుడు క్లెయిమ్ నిలబడకపోవచ్చు.

ఇవన్నీ అయ్యాక నీ సరదా. దానికి నేనడ్డం కాదు, వరస మాత్రం నాది. ముందు బ్రేకులు. మంచి ప్యాడ్లు, కొత్త హోసులు, కొత్త డాట్ 4 బ్రేక్ ఆయిల్, అదీ రెండేళ్లకోసారి. టైర్ల పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 3524 అంటే 2024లో 35వ వారం తయారైందని. నీ ముందు టైర్లు 2016వి. గీతలు ఎంత లోతున్నా అవి గట్టిపడిన రబ్బరు, వానలో వారధి మీద పట్టు ఉండదు. ఈ నెలలోనే మార్చు, మిగతావి ఆగొచ్చు.

తర్వాత సస్పెన్షన్. ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, షాకబ్జార్బర్లు కొత్తవి పడితే స్టీరింగ్ ఎలా మారుతుందో చూడు, వేరే బండి ఎక్కినట్టుంటుంది. స్ప్రింగులు కోసి కిందికి దించే ఆలోచన మాత్రం మానుకో. ఆ ఇంజిన్ సంప్ అల్యూమినియంది, మన వీధుల్లో స్పీడు బ్రేకరు ఒక్కటి తగిలితే పగులుతుంది. ఆయిల్ కారిపోయాక లైటు వెలిగేసరికి ఇంజిన్ బేరింగులు పోతాయి. గార్డు ప్లేటు వేయించు.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు టర్బో గాలిని బయటికి వదిలి "శ్‌శ్" మని చప్పుడు చేసే వాల్వు కావాలన్నావు. ఈ ఇంజిన్ లోపలికి వచ్చిన గాలిని ముందే కొలుచుకుని పెట్రోలు వదులుతుంది. కొలిచిన గాలిని నువ్వు బయటికి వదిలేస్తే పెట్రోలు ఎక్కువై నల్ల పొగ కొడుతుంది. కంపెనీ పద్ధతిలో గాలిని వెనక్కి తిప్పే వాల్వే మంచిది తీసుకో. కోను ఆకారం ఫిల్టరు కూడా వద్దు, అది బానెట్ కింది వేడిగాలినే పీలుస్తుంది. కంపెనీ పెట్టెలో మంచి పేపర్ ఫిల్టరు చాలు.

మ్యాపింగ్ ఆఖర్న. పైవన్నీ పూర్తయ్యాక ఒక ఎండాకాలం, ఒక వానాకాలం బండి తోలు. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దానికి చిన్నది, ముందు చక్రం దగ్గర మూలన ఉంటుంది. 44 డిగ్రీల ఎండలో లోపలికి పోయే గాలి వేడెక్కి, ఇంజిన్ తనని తాను కాపాడుకోవడానికి స్పార్కును ఆలస్యంగా ఇస్తుంది, బలం తగ్గుతుంది. అందుకే డిసెంబరులో చేయించిన మ్యాపింగ్ మే నెలలో సగం మాయమవుతుంది. చేసేవాళ్లను మన ఎండకి, మన పెట్రోలుకి సరిపడేట్టు చేయమను, పాత ఫైలు దాచి ఇమ్మను. క్లచ్ అప్పటికి కొత్తది కాకపోతే అదే ముందు జారుతుంది.

ఒక నోటు పుస్తకం కొను. తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చావు, పాత ముక్క మీద నంబరు. ఈ ఇంజిన్ సామాన్ల నంబర్లు ఎక్కువగా 06ఏ తో మొదలవుతాయి. ఆ నంబరు చెబితే ఆటోనగర్ పాత సామాన్ల కొట్లలోనైనా, ఇంకెక్కడైనా సరైన ముక్క దొరుకుతుంది. "ఆర్ఎస్‌కి పంప్ ఇవ్వండి" అంటే వేరేది చేతిలో పెడతారు.

ఈ శనివారం రాత్రికే రా. ఆదివారం పొద్దున్న ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వినాలి, పైన రెండు క్యాంషాఫ్టులను కలిపే చిన్న చైను టెన్షనర్ చప్పుడు మొదటి ఐదు సెకన్లలోనే తెలుస్తుంది. గుంటూరు నుంచి పొద్దున్నే తోలుకొస్తే వేడెక్కి ఆ చప్పుడు పోతుంది. రాత్రి మన వాకిట్లో పెడదాం. అమ్మని కూడా తీసుకురా, అత్తయ్య గోంగూర చేస్తానంది.

ఇట్లు,
మామయ్య