ఉప్పునీటి అక్వేరియంలో సముద్రపు నీరు నేరుగా పోయవచ్చా?

పోయవచ్చు, తెచ్చిన వెంటనే మాత్రం వద్దు. నది కలిసేచోట, రేవుల దగ్గర, వానలు పడిన రోజుల్లో నీళ్లు పట్టకండి. ఉప్పు తగ్గి, మురుగు కలిసి ఉంటుంది. ఆహారానికి వాడే ప్లాస్టిక్ డబ్బాలే తీసుకెళ్లండి. రాగి, ఇత్తడి అసలే వద్దు, కొద్దిపాటి రాగికే రొయ్యలు, పగడాలు చచ్చిపోతాయి.

అసలు చిక్కు ప్లవకాలతో, అంటే నీళ్లలో తేలుతూ బతికే చిన్న చిన్న జీవులతో. మూసిన డబ్బాలో అవి చచ్చి కుళ్లితే ఆక్సిజన్ పడిపోయి, చేపలకు విషమైన అమ్మోనియా పెరుగుతుంది. అందుకే 5 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టి, రెండు వారాలు చీకట్లో ఉంచండి. అడుగు మడ్డి కదలకుండా పైనీళ్లు తోడి, ఒక రోజు ఎయిర్ పంప్ ఆడించండి. అమ్మోనియా సున్నా, విశిష్ట సాంద్రత (నీళ్లలో ఉప్పు ఎంతుందో తెలిపే కొలత) 1.025 దగ్గర ఉంటే, ఉష్ణోగ్రత ట్యాంకుతో సమానం చేసి పోయండి. మొదటిసారి ట్యాంకు నీళ్లలో పదో వంతు మార్చితే చాలు.