రాతకోతలు లేకుండా స్లాబు పని అప్పజెప్పవచ్చా?

ప్రశ్న: ఖమ్మంలో సొంత స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నాం. గోడలు లేచాయి, 1200 చదరపు అడుగుల స్లాబు వేయించాలి. మెటీరియల్‌తో కలిపి ముగ్గురు మేస్త్రీలు 2.60 లక్షలు, 3.05 లక్షలు, 3.70 లక్షలు చెప్పారు. తక్కువ చెప్పినాయన సగం అడ్వాన్స్ అడుగుతున్నాడు, కాగితాలెందుకు, నమ్మకం మీద చేద్దాం అంటున్నాడు. మధ్యలో రేటు పెంచినా, రేపు స్లాబు కారినా చట్టం మా వైపు ఉంటుందా?

జవాబు: నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమేనండి, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లుతుంది. 2.60 లక్షలకు ఒప్పుకుని దిగాక, అదే పనికి మూడు లక్షలు ఇవ్వమనే హక్కు ఆయనకు లేదు. ఇసుక రేటు పెరిగిందనో స్టీలు రేటు పెరిగిందనో అంటే ఆ తలనొప్పి ఆయనది. కాకపోతే చిక్కంతా 'అదే పని' అన్న దగ్గరే వస్తుంది. ఏం పని ఒప్పుకున్నాడో కాగితం మీద లేకపోతే రేపు మీరు చెప్పేదొకటి, ఆయన చెప్పేదొకటి.

ఈ మూడు రేట్లూ ఒకే స్లాబువి కాకపోవచ్చు, ముందు అది తేల్చుకోండి. మీ 1200 అడుగులకు 5 అంగుళాల మందం వేస్తే 500 ఘనపు అడుగుల కాంక్రీటు పడుతుంది, 4 అంగుళాలకైతే 400 చాలు. ఆ వంద అడుగుల తేడాలోనే ఇరవైకి పైగా సిమెంటు బస్తాలు మిగులుతాయి. స్టీలూ అంతే, ఆరు అంగుళాలకొక రాడ్డు కట్టాల్సిన చోట ఎనిమిది అంగుళాలకొకటి కడితే ఆ వరసలో పావు వంతు ఇనుము తగ్గిపోతుంది, కాంక్రీటు పడ్డాక మీ కంటికి ఏదీ కనబడదు. ఇక సన్‌షేడ్లు, పోర్టికో కొలతలో ఉన్నాయా, బీములు ఈ రేటులోనే వస్తాయా, సెంట్రింగ్ సామాను అద్దె, మిక్సర్, కరెంటు పైపులు, ఫ్యాన్ బాక్సులు ఎవరివి? ఇవన్నీ కలిపి 3.70 చెప్పినాయన, ఏవీ కలపకుండా 2.60 చెప్పినాయన కన్నా చివరికి చవక పడొచ్చు. ఇంజనీరు డ్రాయింగ్ జిరాక్సు ముగ్గురికీ ఇచ్చి, మందం, రాడ్డు సైజు, రాడ్ల మధ్య దూరం, కాంక్రీటు గ్రేడు, ఏమేం కలిశాయో అన్నీ వాళ్ల చేతే రాయించండి.

జీఎస్టీ కలిపా, విడిగానా అని కూడా అడగండి. మెటీరియల్‌తో చేసే కాంట్రాక్టుపై 18 శాతం పడుతుంది, రిజిస్ట్రేషన్ లేనివాడు మీ దగ్గర ఆ పేరుతో వసూలు చేయకూడదు. సామాను మీరే కొని, కొత్తగా కట్టే మీ సొంత ఇంటికి లేబర్ మాత్రమే మాట్లాడుకుంటే ఆ కూలికి జీఎస్టీ లేదు. ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటుపై పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత లెక్క పట్టుకుని రేటు చెబుతుంటే ఆ మాట గుర్తు చేయండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 70 ప్రకారం, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పనిని మీరు ఒప్పుకుని వాడుకుంటే, ముందు రేటు మాట్లాడుకోకపోయినా తగిన సొమ్ము ఇవ్వాల్సిందే. 'పనిలో పనిగా ఇక్కడో షెల్ఫు వేసెయ్ బాబూ' అన్నారంటే అది ఎక్స్‌ట్రా బిల్లే. ఎక్స్‌ట్రా ఏదైనా ముందు రేటు, తర్వాతే పని.

కాగితం వద్దంటే గొడవ పడకండి, మొత్తం వివరాలు వాట్సాప్‌లో పంపి 'సరే' అనిపించుకోండి. ఆ చాట్ ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్‌తో కోర్టులో దాఖలు చేస్తే అదీ సాక్ష్యమే. అందుకే పనయ్యాక ఆ ఫోన్ మార్చినా చాట్ పోనివ్వకండి.

అడ్వాన్స్ ఇంతే ఇవ్వాలని చట్టమేం లేదు, కానీ సగం ఎక్కువే. సామాను దిగాక కొంత, రాడ్ బైండింగ్‌ను ఇంజనీరు చూశాక కొంత, కాంక్రీటు రోజు కొంత, సెంట్రింగ్ విప్పాక కొంత, పది శాతం మాత్రం ఒక వానాకాలం దాటాక అని రాసుకోండి. కాంక్రీటు పోయకముందు టేపు పెట్టి రాడ్ల ఫోటోలు తీయండి. క్యూరింగ్ (స్లాబుకు నీళ్లు కట్టి తడిగా ఉంచడం) ఎవరు చేయాలో కూడా రాయండి, ఎందుకంటే స్లాబు కారిందని కేసు వేయగానే అవతలి వాళ్లు చెప్పే మొదటి మాట 'వాళ్లు నీళ్లు కట్టలేదు' అనే.

కారితే వెంటనే పగలగొట్టి బాగు చేయించకండి. ఫోటోలు, ఇంజనీరు రిపోర్టు, నోటీసు, ఆ తర్వాత ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్. మేస్త్రీ వేరే జిల్లా వాడైనా మీరుండే చోటే వేయొచ్చు. మీరు ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు (నా మాటే నా పొట్ట కొడుతోంది, పర్లేదు). లోపం బయటపడిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. పోలీసులకిస్తే మాత్రం సివిల్ తగాదా అనే అంటారు, మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపిస్తేనే చీటింగ్ కేసు నిలబడుతుంది.

నన్నడిగితే, వాట్సాప్‌లో 'సరే' అనడానికి కూడా ఒప్పుకోనివాడికి 2.60 కాదు, రెండు లక్షలకు చేస్తానన్నా పని ఇవ్వకండి.