ఇక్కడే పుట్టిన టిబెటన్లకు భారత పాస్‌పోర్ట్ వస్తుందా? వస్తే టిబెట్ సంగతేంటి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఏటా చలికాలం మీ వీధి చివర స్వెటర్లు అమ్మే ఆవిడ 1974లో కర్ణాటకలోని టిబెటన్ సెటిల్‌మెంట్ (క్యాంపు) బైలకుప్పెలో పుట్టారు. ఆమె భర్త 1994లో టిబెట్ నుంచి నేపాల్ మీదుగా వచ్చారు. కూతురు 1999లో, కొడుకు 2007లో కర్ణాటకలోనే పుట్టారు. పెద్దవాళ్లందరి దగ్గరా ఆర్‌సీలే (విదేశీయులుగా నమోదైనట్టు ఇచ్చే పత్రాలు) ఉన్నాయి. అమ్మాయికి పైచదువుకి పాస్‌పోర్ట్ కావాలి. అది తీసుకుంటే టిబెట్‌ని వదులుకున్నట్టేనని ఇంట్లో పెద్దలు అంటున్నారు. కర్ణాటక క్యాంపుల వాళ్ల కాగితాలు చాలాకాలంగా చూస్తున్న అనుభవంతో చెబుతున్నాను.

తల్లి చట్టప్రకారం పుట్టుకతోనే భారత పౌరురాలు. కూతురూ అంతే. వాళ్లు కొత్తగా పౌరసత్వం అడగనక్కర్లేదు, ఉన్నదాన్ని రుజువు చేసుకుంటే చాలు. కాబట్టి హోంశాఖకి పౌరసత్వ దరఖాస్తు పెట్టకండి. అది విదేశీయుల కోసం ఉన్న దారి. అందులోకి వెళితే తాము విదేశీయులమని వాళ్ల చేత్తో వాళ్లే రాసిచ్చినట్టవుతుంది.

1955 పౌరసత్వ చట్టం మూడో సెక్షన్‌లో అంతా తేదీల మీదే నడుస్తుంది. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా భారత్‌లో పుట్టినవాళ్లు, తల్లిదండ్రులు ఏ దేశం వాళ్లైనా, పౌరులే. రాయబారుల పిల్లల్లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి, అవి టిబెటన్లకు వర్తించవు. 1987 జూలై 1 నుంచి 2004 డిసెంబర్ 2 దాకా పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి. తల్లి పౌరురాలు కాబట్టి 1999లో పుట్టిన కూతురూ పౌరురాలే. 1987 తర్వాత పుడితే ఇక దారే లేదని క్యాంపుల్లో చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. తల్లి లేదా తండ్రి పుట్టిన సంవత్సరం చూడకుండా ఆశ వదిలేయకండి.

ఇది కోర్టు తేల్చిన విషయమే. 1986లో హిమాచల్‌లోని కాంగ్రాలో పుట్టిన నామ్‌గ్యాల్ డోల్కర్ అనే టిబెటన్ యువతి కేసులో ఢిల్లీ హైకోర్టు 2010 డిసెంబర్ 22న ఆమె భారత పౌరురాలేనని తీర్పిచ్చింది. ఐసీ (టిబెటన్లకు పాస్‌పోర్ట్ బదులు ఇచ్చే ప్రయాణ పత్రం) దరఖాస్తులో తాను టిబెటన్‌నని ఆమె రాసుకున్నారన్నది విదేశాంగ శాఖ వాదన. అలా రాసుకున్నంత మాత్రాన పుట్టుకతో వచ్చిన పౌరసత్వం పోదని కోర్టు చెప్పింది. వాళ్ల ఇంటి పెద్దల అనుమానానికి ఇందులోనే సగం జవాబుంది. 2014లో ఎన్నికల సంఘం 1950 జనవరి 26, 1987 జూన్ 30 మధ్య ఇక్కడ పుట్టిన టిబెటన్లను ఓటర్ల జాబితాలో చేర్చమంది. 2016లో ఢిల్లీ హైకోర్టు పాస్‌పోర్ట్ విషయంలోనూ మళ్లీ అదే మాట చెప్పింది.

ఇక చేయాల్సిన పని. ముందు తల్లి కాగితాలు సరిచేయండి, కూతురి దరఖాస్తు ఆ తర్వాత. కూతురి హక్కు తల్లి మీద ఆధారపడింది కాబట్టి తల్లి చేతిలో పాస్‌పోర్ట్ ఉంటే కూతురి ఫైలు మీద ప్రశ్నలు తగ్గుతాయి. అసలు చిక్కంతా తల్లి జనన ధ్రువపత్రం దగ్గరే. 1970ల్లో కాన్పులు చాలావరకు ఇంట్లోనే జరిగేవి, నమోదు చేయించినవాళ్లు తక్కువ. ముందు స్థానిక రిజిస్ట్రార్ దగ్గర రికార్డు వెతికించండి. బైలకుప్పె అయితే అది పిరియాపట్న తాలూకా కిందికి వస్తుంది. లేకపోతే లేదని రాతపూర్వకంగా తీసుకోండి. ఏడాది దాటిన జననం నమోదు కావాలంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత ఆ ఉత్తర్వు జిల్లా మేజిస్ట్రేట్, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేట్ లేదా అధికారం ఉన్న ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఇస్తారు. దానికి జతచేయాల్సినవాటిలో అన్నిటికంటే బలమైనది ఆమె చదివిన టిబెటన్ స్కూలు అడ్మిషన్ రిజిస్టర్ నకలు. పౌరసత్వం గొడవ పుట్టకముందే, ఆమె చిన్నప్పుడే రాసిన కాగితం కాబట్టి దాన్ని ఎవరూ తేలిగ్గా కాదనలేరు. తల్లిదండ్రుల పాత ఆర్‌సీలు, సెటిల్‌మెంట్ ఆఫీసర్ ఇచ్చే పత్రం కూడా కలపండి. సెటిల్‌మెంట్ ఆఫీస్ పత్రం ఒక్కటే పెడితే సరిపోదు. అది ధర్మశాలలోని ప్రవాస టిబెటన్ పాలనా వ్యవస్థ ఇచ్చేది, ప్రభుత్వ రికార్డు కాదు.

ఫైళ్లు వెనక్కి రావడానికి ఎక్కువగా కారణమయ్యేవి పేర్లు. టిబెటన్లలో చాలామందికి ఇంటిపేరు ఉండదు. తెన్‌జిన్ డోల్కర్ అంటే రెండూ ఆమె పేర్లే, అన్నదమ్ముల పేర్లలో అదే మాట ఉండకపోవచ్చు. ఆధార్‌లో డోల్కర్‌ని ఇంటిపేరు చేసి, పాన్‌లో మొత్తం ఒకే పేరుగా రాసి, స్కూలు సర్టిఫికెట్‌లో ఇంగ్లిష్ అక్షరం ఒకటి మార్చి ఉంటే మూడూ ముగ్గురు మనుషులవి అయిపోతాయి. జనన ధ్రువపత్రంలో ఉన్న స్పెల్లింగే ప్రమాణంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి తగ్గట్టు మార్పించాకే పాస్‌పోర్ట్ దరఖాస్తు పెట్టండి. పుట్టిన తేదీ దగ్గరా ఇదే బాధ. పాత ఆర్‌సీల్లో ఉత్త సంవత్సరమో, జనవరి 1 అనో ఉంటుంది. అన్నిటికంటే ప్రమాదం ఆర్‌సీలో పుట్టిన ఊరు టిబెట్ అని పడి ఉండటం. అది ఉంటే ముందు ఆర్‌సీ దిద్దించాలి, లేకపోతే స్కూలు రికార్డు ఎంత గట్టిదైనా నిలవదు.

2017లో పాస్‌పోర్ట్ కార్యాలయాలు పెట్టిన షరతుల గురించి వాళ్లింట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఆర్‌సీ, ఐసీ వెనక్కి ఇచ్చేయాలి, టిబెటన్ సెటిల్‌మెంట్‌లో నివాసం ఉండకూడదు, ప్రవాస పాలనా వ్యవస్థ నుంచి సాయాలు పొందడం లేదని రాసివ్వాలి అన్నారు. పుట్టుకతో పౌరులైనవాళ్లను ఉన్న ఇల్లు వదలమనడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. కానీ అభిప్రాయంతో ఇల్లు నిలబడదు. సెటిల్‌మెంట్ భూమి వాళ్ల సొంతం కాదు, ప్రభుత్వం టిబెటన్ల పునరావాసానికి ఇచ్చింది. అందుకని మీ పరిధిలోని కార్యాలయం ఇప్పుడు ఏమేం అడుగుతోందో రాతలో తీసుకున్నాకే అడుగు వేయండి. ఆర్‌సీ ఇచ్చేయమంటే ప్రతి పేజీకీ ధ్రువీకరించిన నకలు, ఇచ్చినట్టు ముద్రతో రసీదు లేకుండా చేయి దాటనివ్వకండి. పాత కాగితం పోయి కొత్తది రాని నెలల్లో పోలీసు అడిగితే చూపించడానికి మిగిలేది ఆ రసీదే.

కొడుకు విషయం కష్టం. 2004 డిసెంబర్ 3 నుంచి పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైతే చాలదు, రెండోవాళ్లు అక్రమంగా వచ్చినవాళ్లు కాకూడదు. కాబట్టి అబ్బాయి పౌరసత్వం తండ్రి 1994లో ఏ కాగితంతో సరిహద్దు దాటారన్నదాని మీద ఉంది. అప్పటి ప్రవేశానికి సంబంధించిన కాగితం ఏదైనా ఉందా, వచ్చాక ఆర్‌సీ ఎప్పుడు తీసుకున్నారు అన్నవి వెతికి పట్టుకుని, పౌరసత్వ కేసులు చూసే వకీలు దగ్గరకు వెళ్లండి.

ఇక టిబెట్‌ని వదులుకోవడం మాట. భారత్ 1951 శరణార్థుల ఒప్పందంలో చేరలేదు, శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. ఆర్‌సీ విదేశీయుల నమోదు పత్రం మాత్రమే. పౌరసత్వ చట్టానికి 2019లో చేసిన సవరణలో బౌద్ధులున్నారు కదా అని కొందరు అడుగుతారు. అది పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చినవాళ్లకే. మరోపక్క భారత్ 1954 ఒప్పందంలోనే చైనాలోని టిబెట్ ప్రాంతం అని రాసింది, 2003లో టిబెట్ స్వయంప్రతిపత్తి ప్రాంతాన్ని చైనాలో భాగంగా గుర్తించింది. ధర్మశాలలోని పాలనా వ్యవస్థను ఏ దేశమూ ప్రభుత్వంగా గుర్తించలేదు. అందుకని ఆర్‌సీ ఉంచుకున్నంత మాత్రాన టిబెట్ రాజకీయ స్థితి బలపడదు, పాస్‌పోర్ట్ తీసుకుంటే బలహీనపడదు.

టిబెటన్‌గా వాళ్లను రాజకీయంగా కలిపి ఉంచేది గ్రీన్ బుక్. ఏటా ఛాత్రెల్ అనే స్వచ్ఛంద చందా కట్టేవాళ్లకు ధర్మశాల ఇస్తుంది. సిక్యోంగ్‌నీ (ప్రవాస పాలనా వ్యవస్థ అధినేత), ప్రవాస పార్లమెంటులోని 45 మందినీ ఎన్నుకునే ఓటు దానితోనే. వేరే దేశ పౌరసత్వం తీసుకున్నా, టిబెటన్‌గా బాధ్యతలు నెరవేర్చేవాళ్లు టిబెటన్ పౌరులుగా కొనసాగొచ్చని 1991 ప్రవాస చార్టర్ చెబుతోంది. ఉత్తర అమెరికా, యూరప్ టిబెటన్లకు ఆ పార్లమెంటులో ప్రత్యేక స్థానాలే ఉన్నాయి. అమ్మాయి పాస్‌పోర్ట్ తీసుకున్నాక కూడా ఛాత్రెల్ కట్టడం మానకూడదు. పెద్దల భయంలో నాకు న్యాయంగా కనిపించేది మరొకటుంది: పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోతే క్యాంపులు ఖాళీ అవుతాయని. ఆ బెంగ తీర్చే సమాధానం పాస్‌పోర్ట్ ఫారంలో లేదు. అయితే ఐసీ మీద వెళ్లేవాళ్లూ వెళుతూనే ఉన్నారు.

తండ్రికి మాత్రం ఐసీనే దారి. పసుపు అట్ట పుస్తకం, దాన్ని విదేశాంగ శాఖే ఇస్తుంది. అన్ని దేశాల వీసా కేంద్రాలకూ అది పరిచయం ఉండదు, కాబట్టి టికెట్ కొనకముందే ఐసీ మీద వీసా ఇస్తారా అని అడిగి తెలుసుకోవాలి. తిరిగి రావడానికి అభ్యంతరం లేదన్న ముద్ర, దేశం దాటడానికి ఎగ్జిట్ పర్మిట్ రెండూ ఉండాలి. ఆర్‌సీ గడువు ప్రయాణం మధ్యలో తీరకుండా ముందే పొడిగించుకోవాలి. ఇక్కడే పుట్టినవాళ్లకు, ఇరవై ఏళ్లు దాటి ఉన్నవాళ్లకు ఐదేళ్లకోసారి పొడిగిస్తున్నారు, 1994లో వచ్చారు కాబట్టి ఆయనా అందులోకే వస్తారు.